చిక్కడపల్లి హాల్లో సముద్రం

నేను పిరికిదాన్ని. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత చదివేవాళ్ళకి సుఖం. సముద్రంలో దిగి పనిచేసే మనిషి కదా, సొరచేపలంటే కూడా లెక్క ఉండదనుకుంటారు చాలామంది. సొరచేపలంటే నిజంగానే నాకు లెక్క లేదు. అవి మన అండమాన్ దీవుల్లో పుట్టి పెరిగినవి, వాటి దారి వాటిది. నా భయమంతా బయటినుంచి వచ్చేవాటితోనే. ఎక్కడో ఇంకో మహాసముద్రంలో పుట్టి, ఓడ అడుగున అంటుకునో, ఎవరి గాజుతొట్టెలోంచో జారిపడో మన నీళ్ళలోకి వస్తాయి. ఇక్కడ తమని తినేవాళ్ళెవరూ లేరని తెలియగానే కాపురం పెట్టేస్తాయి. వాటిని వెతకడం, గుర్తుపట్టడం, వీలైతే పీకెయ్యడం నా ఉద్యోగం. భయపడటానికి నెలనెలా జీతం తీసుకునేదాన్ని నేనొక్కదాన్నేనని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు.

విశాఖలో చదువు ముగించి అండమాన్‌కి తిరిగొచ్చిన కొత్తలో, ఒక జెట్టీ కింద స్తంభం మీద గుప్పెడు తెల్లటి మెత్తని పగడం చూశాను. ముద్దుగా ఉంది. ఫోటో తీసుకుని పైకి వచ్చేశాను. మళ్ళీ ఏడాదికి ఆ స్తంభం కనపడలేదు, అంతా అదే. ఆ తర్వాత పక్క స్తంభాలు, ఆ తర్వాత పక్కనున్న పగడపు దిబ్బ. అప్పటినుంచి నీళ్ళలో ఎక్కడ కొత్త మచ్చ కనిపించినా, అదేమిటో తేలేదాకా నాకు నిద్ర పట్టదు. జుట్టు నెరిసింది గానీ ఆ భయం తగ్గలేదు.

ఇలాంటి మనిషి సముద్రమే లేని హైదరాబాదుకి ఎందుకు వెళ్ళిందంటే, ఒక పెద్దావిడ నా ఫోనుకి పంపిన మాటల వల్ల.

"నమస్కారం అమ్మా. నా పేరు సత్యవతి. చిక్కడపల్లిలో ఉంటాం. మీరు పత్రికలో రాసే సముద్రం కబుర్లు మా వారు ఒక్కటీ వదలకుండా చదివేవారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన తొట్టెలో పెంచుకున్న జీవాల్ని తీసుకొచ్చి మీ సముద్రంలో వదిలిపెడదామని నేనూ మా అబ్బాయీ వస్తున్నాం. టిక్కెట్లు కూడా తీసుకున్నాం. మంచి చోటు మీరే చూపించాలి తల్లీ."

ఎంత ఆప్యాయంగా అన్నారో. నాకు మాత్రం ఆ తొట్టెలో ఏమున్నాయో ముందు తెలియాలి. ఫోటోలు పంపమన్నాను. రాళ్ళ నిండా చొక్కా బొత్తాల సైజులో గోధుమరంగు పువ్వులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని తివాచీలా పరుచుకున్నాయి. బొత్తాం పగడాలంటారు. ఇవి మనవైపు రకం కాదు. మన దిబ్బ మీద ఒక్క మొగ్గ పట్టుకుంటే చాలు, కింద ఉన్నవాటికి ఊపిరాడనివ్వదు. పైగా ఈ రకం ఒంట్లో విషం ఉంటుంది. ఉత్త చేతులతో తాకి కన్ను నులుముకుంటే కన్ను పోయే ప్రమాదం. వదిలితే మన సముద్రానికి ముప్పు, చంపబోతే చంపేవాడికి ముప్పు.

ఫోన్ చేసి, వద్దండీ, వాటిని చంపెయ్యాలండీ అన్నాను. "ఏడాదిగా దీపం పెట్టే వేళకి వాటికి మేత వేస్తున్నాను. ఈ చేత్తో ఎలా చంపమంటారు?" అన్నారావిడ, నెమ్మదిగా.

"నువ్వు వెళ్ళకపోతే వాళ్ళొచ్చేస్తారు," అన్నాడు మా ఆయన. అంతే, బయలుదేరాను.

చిక్కడపల్లి

మన దీవుల్లో రోడ్డు దాటడమంటే అటూ ఇటూ చూసి దాటడం. చిక్కడపల్లిలో అటూ ఇటూ చూస్తూ నిలబడితే పొద్దుగూకిపోతుంది. నా అవస్థ చూసి పూలబుట్ట పట్టుకున్న ఒకామె మోచెయ్యి దొరకబుచ్చుకుంది. "నా ఎంబడి రా అక్కా, ఆగకు. ఆగితెనే గుద్దుతరు," అంది. కళ్ళు మూసుకుని ఆమె వెంట నడిచాను. అవతలి ఒడ్డుకి చేరాక వెనక్కి తిరిగితే ఆమె లేదు, జనంలో కలిసిపోయింది.

సందు మొదట్లో కూరగాయల బండి దగ్గర ఆగిపోయాను. మనకి ఓడ నాలుగు రోజులు ఆలస్యమైతే టమాటా కంటికి కనపడదు, కనపడితే కొనలేం. ఇక్కడ గుట్టగా పోసి, మెత్తబడ్డవాటిని ఆవుకి వేస్తున్నాడు. "ఏంది మేడం, గట్ల జూస్తున్నవ్? తీస్కో, తాజాగ ఉన్నయ్," అన్నాడు బండివాడు. ఏం చేసుకోవాలో తెలియకపోయినా ఒక కిలో తీసుకున్నాను. తిరుగు ప్రయాణం దాకా అవి నా సంచిలోనే చితికిపోయాయి. చేపల విషయానికొస్తే మనమే మహారాజులం. అక్కడ మంచులో పడుకున్న వంజరం కళ్ళు చూస్తే దాని వయసు నా అంత ఉంటుందనిపించింది.

సత్యవతమ్మగారి ఇల్లు గుడి వెనక సందులో, రెండో అంతస్తులో. వాళ్ళ మామగారి కాలంలో భీమవరం వైపునుంచి వచ్చి స్థిరపడ్డారట. ఆవిడ భర్త నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా మంచినీళ్ళు, రిటైరయ్యాక ఉప్పునీళ్ళు. హాల్లో టీవీ ఉండాల్సిన చోట గాజుతొట్టె ఉంది. నీలం దీపం కింద రెండు నారింజరంగు చేపలు తిరుగుతున్నాయి. రాళ్ళ మీద బొత్తాలు ఒకేసారి అటు ఊగి, ఒకేసారి ఇటు ఊగుతున్నాయి.

"బాగున్నాయి కదూ?" అన్నారావిడ.

"బాగున్నాయండీ," అన్నాను. అబద్ధం కాదు. ఫోటోలో కన్నా ఎక్కువ ఉన్నాయని మాత్రం చెప్పలేదు. గాజు అవతల ఉన్నాయి కాబట్టి ఇవతల కాఫీ తాగగలిగాను.

కొడుకు వెంకట్‌కి యాభై దాకా ఉంటాయి. ఏదో ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాడు, పెళ్ళి చేసుకోలేదు, తల్లి మంచీచెడూ అన్నీ అతనే. తల్లి మాట గోదావరి, కొడుకు మాట మూసీ.

"మా నాన్న బకెట్ల నీళ్ళు పోసి, ఉప్పు కలిపి, మీటర్ పెట్టి చూసేటోడు మేడమ్," అన్నాడు. "కూరల ఉప్పు ఎక్కువైతే సప్పుడు చెయ్యకుండ తినేటోడు గనీ, ఈ బకెట్ల జర తేడా వస్తె పరేషాన్ అయితుండె."

"కాస్త తెలుగులో చెప్పరా ఆవిడకి," అన్నారు సత్యవతమ్మగారు.

నవ్వు సద్దుమణిగాక నేను చెప్పాల్సింది చెప్పాను. చేపల్ని అమ్మిన కొట్టువాడే వెనక్కి తీసుకుంటాడు, వాటికేం కాదు. రాళ్ళు మాత్రం ఈ ఇల్లు దాటి ప్రాణంతో వెళ్ళకూడదు. ఎవరూ ఉత్త చేతులతో ముట్టుకోకూడదు, విషం. బ్లీచింగ్ కలిపిన చన్నీళ్ళలో మేడ మీద ఆరుబయట నానబెట్టాలి, ఆ పని నేనే చేస్తాను. ఇంతా విని ఆవిడ, "విషమున్నవాటిని పెంచుకున్నారా ఆయన?" అన్నారు. తర్వాత, "ఆయనకేం కాలేదు కదా," అన్నారు.

మెట్ల దాకా దిగబెట్టడానికి వచ్చిన వెంకట్ గొంతు తగ్గించి అడిగాడు. "బ్లీచింగ్ తప్పదా మేడమ్? అమ్మకి ఆయాసం ఉన్నది. ఫినాయిల్ వాసనకే ఇన్‌హేలర్ పంపు కావాలె ఆమెకి."

మేడ మీద చేస్తే వాసన కిందకి రాదని చెప్పాను. తలూపాడు. ఆ తలూపడం చూసి ఒప్పుకున్నాడనుకున్నాను.

అశోక్ నగర్

మా బంధువులమ్మాయి ఏర్పాటు చేసిన బస అశోక్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టలు. వీధి పొడుగునా కోచింగ్ బోర్డులు, జిరాక్సు కొట్లు, పేవ్‌మెంటు మీద పుస్తకాల కుప్పలు. టీ కొట్టు దగ్గర కూడా గ్లాసు ఒక చేతిలో, పుస్తకం ఒక చేతిలో. మన దగ్గర ఓడ కోసం ఎదురుచూసే జనంలాగే ఇక్కడ అందరూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటారు.

నా పక్క మంచం స్వప్నది. సిద్దిపేట దగ్గర పల్లె. నేను ఏం చేస్తుంటానో అడిగి, విని, కళ్ళు పెద్దవి చేసుకుంది.

"ఇన్వేసివ్ స్పీసీసా మేడమ్? గది పర్యావరణంల ఒక బిట్ వస్తది. గుర్రపుడెక్క, లాంటానా, వయ్యారిభామ. నాలుగిచ్చి ఏది కాదో గుర్తించుమంటరు."

నా జీవితమంతా కలిపి ఒక బిట్. నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. వయసు పరిమితి దాటడానికి ఎంతో లేదట. ఇంటినుంచి ఫోనొస్తే గుండె దడదడలాడుతుందట, ఎత్తకపోతే ఇంకా దడట.

"మీకు నీళ్ళల్లకి దిగేటప్పుడు భయం కాదా మేడమ్?" అని అడిగింది.

"దిగిన ప్రతిసారీ అవుతుంది," అన్నాను.

"మరి ఎట్ల దిగుతరు?"

"దిగకపోతే అది పెరిగిపోతుందని ఇంకా భయం."

"నాది గట్లనే," అని పుస్తకం తెరిచింది. హాస్టలు పప్పుచారు పల్చగా ఉన్నా వేడిగా ఉంది. దానితోపాటు ఆ పిల్ల ఇంటినుంచి తెచ్చుకున్న మామిడి తొక్కు కూడా వేసింది. మన దీవుల్లో ఎవరింట్లోనూ అంత కారం తినరు. కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాను.

మళ్ళీ చిక్కడపల్లి

మర్నాడు పెసరట్టు తిని, ధైర్యం కూడగట్టుకుని, సత్యవతమ్మగారి ఎదురుగా కూర్చున్నాను. ఫోన్లో రెండు ఫోటోలు చూపించాను. రెండూ ఒకే చోటు. మొదటిదాంట్లో రంగురంగుల పగడాలు, చేపల గుంపు. రెండోదాంట్లో అంతా ఒకే రంగు తివాచీ.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"చేపలేవి?"

"లేవండీ. అవి బతికేది ఆ పగడాల మధ్యనే. పగడాలు పోయాయి, అవీ పోయాయి."

"ఇదంతా వదిలినవాళ్ళు కావాలని చేశారా?"

"లేదండీ. ఎవరికీ తెలియదు. తెలిసేసరికి ఇలా అయిపోతుంది."

ఆవిడ ఫోను నా చేతికిచ్చేశారు. తొట్టె వైపు చూడకుండా, "ప్రాణం పోస్తున్నాననుకున్నాను. ఇన్ని ప్రాణాలు తీసేదాన్నన్నమాట," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. "సరే, కానివ్వండి. అయితే రేపు ఏకాదశి. ఏకాదశి పూట ఈ ఇంట్లో చీమని కూడా చంపం. ఎల్లుండి ద్వాదశి పారణ అయ్యాక చేసుకోండి. నేను మాత్రం చూడను."

ఒక్క రోజేగా అనుకున్నాను. వెంకట్ తల్లి మొహం చూస్తూ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నాకు ఆ పూట ప్రాణం తేలికపడింది, మిరపకాయ బజ్జీలు కూడా తిన్నాను. నేను ప్రాణం తేలికపడనిచ్చిన రోజుల్లోనే ఏదో ఒకటి జరుగుతుందని ఇన్నేళ్ళ ఉద్యోగంలో తెలిసి ఉండాల్సింది.

నారాయణగూడ

ఏకాదశి నాడు చేపలు అమ్మిన కొట్టు వెతుక్కుంటూ నారాయణగూడ వెళ్ళాను. ఫ్లైఓవర్‌కి ఇవతల సందులో, స్కూలు యూనిఫారాల కొట్టుకీ చెప్పులు కుట్టేవాడికీ మధ్య ఉంది. నాకున్న భయం ఒకటే, ఆ రకం రాళ్ళు ఇంకెంతమందికి అమ్మాడోనని.

"సత్యవతమ్మగారి సారా? మస్తు షౌఖీన్ మనిషి మేడం," అన్నాడు కొట్టాయన, గడ్డం నిమురుకుంటూ. "ఆ పత్థర్ ఒక్కటే వచ్చింది. డబ్బాల ఏది వస్తే అదే, కాయితం గీయితం ఏముండదు. సారే తీస్కున్నడు. మల్ల గసుంటిది నేను తెప్పియ్యలే. చేపల్ని తెచ్చియ్యుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి."

ఒక్కటే. అదే తొట్టెలో మిగతా రాళ్ళకీ పాకిందన్నమాట. నా గుండె మీదినుంచి బండ దింపినట్టయింది. ఇరానీ చాయ్ తెప్పించాడు. మన దీవుల్లో పాలపొడి టీ తాగి తాగి ఉన్న నాలుకకి అది పాయసంలా ఉంది. సగం తాగానో లేదో, ఫోను మోగి ఫోటో వచ్చింది. వెంకట్ పంపాడు.

గ్యాసు పొయ్యి. దాని మీద పెళ్ళిళ్ళలో సాంబారు కాచే డేక్సా. అందులో రాళ్ళు. పైన తెల్లగా ఆవిరి. కింద రాసి ఉంది: "అమ్మ గుడికి పోయింది మేడమ్. ఆమె వచ్చేలోపల పని ఖతం. బ్లీచింగ్ అవసరమే లేదు, మంచిగ మరుగుతున్నయ్."

ఆ విషం మంటకి చావదు. మరిగిస్తే ఆవిరితోపాటు పైకి లేచి గాలిలో కలుస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. పీల్చినవాడికి ముందు నోట్లో చేదు, తర్వాత చలి, జ్వరం, ఛాతీ పట్టెయ్యడం. ఇదంతా నాకు తెలుసు. ముట్టుకోవద్దని చెప్పాను. చన్నీళ్ళని చెప్పాను. ఉడకబెట్టవద్దని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే సముద్రపు రాయిని వంటింట్లో ఉడకబెట్టేవాళ్ళుంటారని నాకు తట్టలేదు. కానీ ఆ ఇంట్లో వానాకాలం నీళ్ళు మరిగిస్తారు, పాలసీసా మరిగిస్తారు, జ్వరమొస్తే గిన్నెలు మరిగిస్తారు. మరిగించాక కూడా మిగిలే కీడు ఉంటుందని అతనికెవరు చెప్పారు? తల్లి ఆయాసానికి భయపడి, బ్లీచింగ్ కన్నా ఇదే శుద్ధమనుకున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అలా అయింది.

ఫోన్ చేశాను. ఎత్తాడు.

"పొయ్యి ఆపండి. ఆపి వెంటనే బయటికి రండి. ఆ ఆవిరి విషం."

"ఏం వాసన వస్తలేదు మేడమ్," అంటూనే దగ్గాడు. "నోరు జర చేదుగైంది, అంతే. ఆపుతున్న."

ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

ఆటో దొరికింది గానీ చౌరస్తాలో కదలదు. ముందు బస్సు, వెనక బస్సు. అంబులెన్సుకి ఫోన్ చేసి చిరునామా చెప్పాను, రెండుసార్లు తప్పు చెప్పి సరిదిద్దుకున్నాను. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఇంట్ల ఎవరికన్న సీరియస్సా అక్కా?"

"అవునన్నా. ఊపిరాడదు."

"అయితే పట్టుకో గట్టిగ," అని ఆటోని పక్క గల్లీలోకి తిప్పేశాడు. బట్టలారేసిన తాళ్ళ కింద నుంచీ, గోలీలాడే పిల్లల మధ్య నుంచీ పోనిచ్చాడు. ఆ దారంతా నాకు ఒక్కటే కనపడుతోంది. గుడినుంచి తీర్థం తీసుకుని మెట్లెక్కుతున్న ఆయాసం మనిషి.

ఆవిడ సరిగ్గా గేటు దగ్గరే ఎదురయ్యారు. తులసిమాల, చేతిలో పళ్ళెం. ఆటోలోంచి ఉరికి అడ్డం నిలబడ్డాను.

"పైకి వెళ్ళకండి. ఆవిరి నిండా విషముంది."

ఆవిడకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "మా వాడు పైనున్నాడు," అన్నారు, పళ్ళెం కింద పెట్టేసి.

"నేను వెళ్తాను. మీరు వస్తే ఇద్దర్ని మొయ్యాలి నేను."

మెట్లెక్కాను గానీ తలుపు ముందు కాళ్ళు ఆగిపోయాయి. రాయడానికి సిగ్గుగానే ఉంది. లోపల ఏముందో ఈ ఊరు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు, అందుకే ఆగిపోయాయి. తెలియనివాడైతే ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయేవాడు. కింద ఆవిడ "వెంకట్" అని పిలవడం వినపడింది. గట్టిగా ఊపిరి పీల్చి, బిగబట్టి, తోశాను.

హాల్లో సోఫా మీద ముడుచుకుని వణుకుతున్నాడు. పొయ్యి ఆపాడు. ఆపి, బయటికి రాకుండా, తల్లి వచ్చి కంగారు పడుతుందేమోనని డేక్సాకి మూత పెట్టి, గట్టు తుడిచి, అప్పుడు కూలబడ్డాడట. బాల్కనీ తలుపులు బార్లా తీశాను. బిగబట్టిన ఊపిరి అక్కడితో అయిపోయింది, పీల్చాను. నాలుక మీద చేదు. అతన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చాను. నా వల్ల కాలేదు. వెనకనుంచి ఎవరో కాళ్ళు పట్టుకున్నారు. ఆటో అతను. మొహానికి జేబురుమాలు కట్టుకుని వచ్చాడు, నేను రావద్దన్నా. ఇద్దరం కలిసి కిందకి దించేసరికి అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చింది.

ఆసుపత్రి

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మకి ఈ విషం పేరు కొత్త. పగడమా అని రెండుసార్లు అడిగింది. అయినా నన్ను వెళ్ళగొట్టకుండా కూర్చోబెట్టి, విని, పై డాక్టరుకి ఫోన్ చేసి, వెంకట్‌కి ఆక్సిజన్ పెట్టించింది. నాకూ ఆటో అతనికీ కూడా చలిజ్వరం వచ్చింది గానీ మర్నాటికి దిగింది. వెంకట్‌కి దిగలేదు. అతని ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే గాజు తలుపులోంచి చూస్తూ నిలబడ్డాను. ఎన్నో దిబ్బలు చచ్చిపోవడం చూశాను. మనిషిని చూడలేదు.

సత్యవతమ్మగారు ద్వాదశి పారణ చెయ్యలేదు. ఏమన్నా తినండని నర్సులు చెప్పినా, "వాడు మాట్లాడాక," అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ మధ్యాహ్నం దాటాక వెంకట్ కళ్ళు తెరిచి, మాస్కు లోపలినుంచి, "డేక్సా పక్కింటోళ్ళది మేడమ్," అన్నాడు. ఆవిడ అప్పుడు నర్సు చేతిలోంచి పాలగ్లాసు తీసుకున్నారు.

మేడ మీద

వెంకట్ వార్డులోకి మారాక, ముక్కుకీ కళ్ళకీ చేతులకీ అన్నీ తగిలించుకుని వాళ్ళ వంటిల్లు శుభ్రం చేశాను. మిగిలిన రాళ్ళని, ఉడికినవాటినీ కలిపి, మేడ మీద బ్లీచింగ్ నీళ్ళలో ముంచాను. చూడనన్న మనిషి కుర్చీ తెచ్చుకుని, నేను చెప్పినంత దూరంలో, గాలి వచ్చేవైపు కూర్చున్నారు.

బొత్తాలు ముడుచుకుని, తెల్లబడి, రాలిపోయాయి.

"ఒకటి అడుగుతాను, కోప్పడకండి," అన్నారావిడ. "చిన్న ముక్కయితే, బొటనవేలంత, అది కూడా సముద్రంలో బతుకుతుందా?"

రాళ్ళని తిప్పుతున్న కర్ర నా చేతిలో ఆగిపోయింది.

"పోయిన ఏడాది ఆయన అస్థికలు మీ సముద్రంలోనే కలిపాం. ఆయన కోరిక. మీరు రాశారట, ఇంకా ఏ మచ్చా పడని అఖాతం ఒకటుందని. పాత జెట్టీ పక్కన. అక్కడే కలపమన్నారు. చిన్న ముక్క ఒకటి విరిచి, సీసాలో ఆ నీళ్ళతోనే తెచ్చి, అస్థికల మూటతోపాటు వదిలాను. తోడుగా ఉంటుందని. వెంకట్‌కి కూడా తెలియదు."

ఆ అఖాతం నాకు తెలుసు. ఎప్పుడైనా మనసు బాగాలేకపోతే వెళ్ళి చూసుకునే చోటు అది. భయం వేసినప్పుడు కళ్ళు మూసుకుంటే గుర్తొచ్చేది అదే.

"ఏం చేస్తారు?" అన్నారావిడ.

"వెళ్ళి వెతుకుతానండీ."

"దొరికితే?"

"తీసేస్తాను."

"తీసెయ్యండి," అన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇల్లు

హైదరాబాదు ఎలా ఉందని మనవాళ్ళు అడుగుతుంటారు. పెసరట్టు బాగుంది, చాయ్ బాగుంది, జనం తోసుకుంటూనే మోచెయ్యి పట్టుకుని దాటిస్తారు. ఊపిరి పీల్చడానికి భయపడే ఇంట్లోకి, పేరైనా అడగని ఆటో అతను వెనకాలే వస్తాడు. ఇంత చెప్పి ఊరుకుంటున్నాను.

అండమాన్‌కి తిరిగొచ్చిన మర్నాడే మా జట్టుతో పాత జెట్టీ దగ్గర నీళ్ళలోకి దిగాను. ఇన్నేళ్ళలో అంత భయంతో ఎప్పుడూ దిగలేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. మొదటి దిబ్బ శుభ్రం. రెండోది శుభ్రం. లేదేమో, చేపలు తినేశాయేమో, అలలకి కొట్టుకుపోయిందేమో అని ఆశ పుట్టింది. మూడోదాని నీడ వైపు తిరిగితే, గోధుమరంగు బొత్తాలు, ఒకేసారి అటు, ఒకేసారి ఇటు.

చుట్టూ సంచీ కప్పి, ఒక్క మొగ్గ జారకుండా, కింది రాయితో సహా పెకలించాం. సాయంత్రం ఒడ్డున కూర్చుని, తడి బట్టలతోనే ఆవిడకి ఫోన్ చేశాను. వెంకట్ ఇంటికొచ్చేశాడట, మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తోందట, తల్లి ఇన్‌హేలరే వాడుతున్నాడట.

"దొరికిందా?" అన్నారు.

"దొరికిందండీ. తీసేశాం."

"అంతేనా, బొటనవేలంత?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను. చెప్పలేకపోయాను. "లేదండీ. పళ్ళెమంత అయింది."

"ఆయన చేత్తో ఏది పెంచినా అలాగే పెరిగేదమ్మా," అన్నారు. ఆ గొంతులో ఉన్నది ఏడుపో సంతోషమో నాకు తెలియలేదు.

ఫోను జట్టువాళ్ళ చేతికిచ్చి, వెలుతురు ఉండగానే చుట్టుపక్కల దిబ్బలు కూడా చూడటానికి మళ్ళీ నీళ్ళలోకి దిగాను.